పుట్టింటి నెత్తురు

కంచిలి,
జూన్ నెల.

అన్నయ్యకు, చెల్లెలు కృష్ణవేణి నమస్కరించి రాస్తున్నది.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని మాధవి నవ్విందట. నీ చెవుల సంగతి దానికి తెలియనిదా? మొన్న ఫోన్‌లో నేను కాళ్లు వాచాయి అంటే, నువ్వు కోళ్లు వచ్చాయా, ఎవరివి అని అడిగావు. పక్కనే ఉన్న మా తోటికోడలు మహాలక్ష్మమ్మ పడీపడీ నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. సూర్య చేత చెప్పించవచ్చు. కానీ నీ కొడుకు నాకు మేనల్లుడే అయినా, మాధవినిచ్చిన రోజు నుంచి అల్లుడు. కొన్ని మాటలు అల్లుడి నోట పెట్టలేం.

పాదాలు వేలితో నొక్కితే గుంట పడుతోంది. మా ఉద్దానంలో ఆ మాట అంటే కిడ్నీ అని వేరే చెప్పనక్కర్లేదు. మాధవి వాళ్ల నాన్న అలాగే కదా పోయారు, డయాలసిస్‌కని పలాస బండి ఎక్కీ దిగీ. నాకూ పిలుపొచ్చిందనుకున్నాను. పలాసలో రక్తం ఇచ్చి వచ్చి, తోటలో జీడిచెట్ల కింద ఒక్కదాన్నీ కూర్చుని, ఏ చెట్టు ఎవరికి ఇవ్వాలో ఆలోచించుకున్నాను.

నిన్న కాగితం వచ్చింది. క్రియాటినిన్ మామూలుగానే ఉందట. మహాలక్ష్మమ్మ వీధి మొదట్నుంచీ అరుచుకుంటూ వచ్చింది. "మా అక్కకి కిడ్నీ బాగున్నాదర్రా. ఏటీ నేదట." పనసపండు కోసి వీధంతా పంచింది. తిత్లీ తుఫాను తర్వాత పెట్టిన కొబ్బరి మొక్కల దగ్గర నిలబడి నేనూ రెండు తొనలు తిన్నాను. ఇంత తీపి పనస ఈ మధ్య తినలేదు.

పొట్ట మాత్రం బరువుగా ఉంటోంది. గ్యాసని మాత్రలిచ్చారు. చీర కుచ్చిళ్లు ఇదివరకులా నిలవడం లేదు. ఇది మాధవికి చెప్పకు.

నీ చెల్లెలు,
కృష్ణవేణి


ఇచ్ఛాపురం,
జూన్ చివర.

చెల్లెమ్మ కృష్ణకు, ధర్మారావు ఆశీస్సులు.

కిడ్నీ కాదన్న మాట చదివి మీ వదిన చేత పాయసం వండించాను. నువ్వు పనస తిన్నావు, మేం పాయసం తిన్నాం. ఇక ఆ సంగతి వదిలెయ్. అరవై దాటాక కాళ్లు వాయడం, పొట్ట బరువెక్కడం ఉండేవే. పొద్దున్నే కాసేపు నడువు.

నీ కూతురు ఈ ఇంట్లో పెత్తనం పూర్తిగా చేతిలోకి తీసుకుంది. బీపీ అని నా కూరలో ఉప్పు తగ్గించేసింది. రైల్వేలో ముప్పై ఏళ్లు టికెట్లు కొట్టినవాణ్ని, ఒక్క అధికారి మాట వినని వాణ్ని, మాధవి "మావయ్యా" అని కళ్లెర్రజేస్తే నోరు మూసుకుంటున్నాను. దాన్ని నాకిచ్చి నువ్వు చేసిన మేలు నీకు తెలియదు. పావని ఇంట్లో తెలుగు, వీధిలో ఒరియా మాట్లాడుతోంది. కోపం వస్తే రెండూ కలిపేస్తుంది.

నా కుడికంట శుక్లం ముదిరింది. దసరా అయ్యాక బరంపురంలో ఆపరేషన్ చేయిద్దామని సూర్య అంటున్నాడు. చెవి ఎలాగూ లేదు, కన్నయినా ఉంచుకోవాలి కదా.

ఉత్తరాలు రాస్తూ ఉండు. ఫోన్ కంటే ఇదే బాగుంది.

అన్నయ్య


టెక్కలి ఆసుపత్రి, ఆడవాళ్ల వార్డు,
జూలై.

అన్నయ్యకు,

మంచం మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు. పొట్ట బిగిసిపోయి ఊపిరాడకపోతే మహాలక్ష్మమ్మ ఆటో మాట్లాడి ఇక్కడికి తెచ్చింది. పొట్టలోకి సూది గుచ్చి సంచిలోకి నీరు దించారు. పచ్చటి నీరు. సంచి నిండితే ఇంకో సంచి పెట్టారు. ఇంత నీరు నాలో ఎప్పుడు చేరిందో, ఎక్కడ దాక్కుందో.

స్కానింగు చేశారు. లివరు ముడుచుకుపోయిందట. సిర్రోసిస్ అన్నారు. చెట్టు కింద ఎండిపోయిన జీడిపండు ఎలా ఉంటుందో అలా, గట్టిపడి బుడిపెలు కట్టిందని నాకు అర్థమైంది. మళ్లీ మెత్తబడదట.

డాక్టరమ్మ చిన్నపిల్ల. మంచం దగ్గరికి వంగి, "అమ్మా, మందు అలవాటు ఉందా? ఉంటే చెప్పండి, ఇక్కడెవరూ ఏమీ అనరు" అంది. అటూ ఇటూ మంచాల మీది వాళ్లంతా నా వైపు తిరిగారు. మహాలక్ష్మమ్మే లేచింది. "మా అక్క టీ కూడా తాగదమ్మా. సారా వాసనొస్తే వీధి మారిపోద్ది. అలాటి మాట అనకండి." డాక్టరమ్మ నొచ్చుకోలేదు. తాగనివాళ్లకూ వస్తుందనీ, కారణం వెతకాలనీ, రక్తం పంపుతున్నాననీ చెప్పింది.

పక్క మంచం కాసులమ్మది. సముద్రం ఒడ్డు పల్లె, చేపలమ్ముకునే మనిషి. నా కంటే పెద్దది. ఆమెకీ ఇదే జబ్బు, పొట్ట ఇలాగే ఉంది. రాత్రి కూడు తినేటప్పుడు నన్నడిగింది. "నానైతే తాగినానమ్మా. సేపల గంప దించినాక కాసింత గొంతులో పడకపోతే నడుం నిలబడీది కాదు. నువ్వు తాగకుండానే నా పక్క మంచం ఎక్కీసినావు. మరి దేవుడు లెక్క ఏటో." వార్డంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఉప్పు పూర్తిగా మానేయమన్నారు. చప్పిడి పప్పు ముద్ద నోట్లో అటూ ఇటూ తిరుగుతుంది గాని దిగదు. నీ కూరలో ఉప్పు తగ్గిందన్నావు కదా, ఆ మాట గుర్తొచ్చింది.

నువ్వు కంగారుపడి రావద్దు.

కృష్ణవేణి


ఇచ్ఛాపురం,
జూలై.

చెల్లెమ్మా,

నీ ఉత్తరం చదివాను. మాధవి ఏడుస్తోంది, వస్తానంటోంది. పావనికి జ్వరం తగ్గగానే పంపుతాను.

ఒక మాట చెబుతాను, తప్పుగా తీసుకోకు. లివరు అని ఎవరితోనూ అనకు. ఎవరడిగినా కిడ్నీ అని చెప్పు. మన వైపు కిడ్నీ అంటే అయ్యో అంటారు, ఇంటికి కొబ్బరి బొండాలు తెస్తారు. లివరంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కవాళ్ల చెవిలో ఏదో అంటారు. నీ గురించి అలా అనుకుంటే నేను భరించలేను. మన నాన్న పరువుగా బతికిన మనిషి. మహాలక్ష్మమ్మకు కూడా చెప్పు. ఆమె నోరు పెద్దది.

ఇక్కడ మీ వదిన తరఫు వాళ్లకు నేను కిడ్నీ అనే చెప్పాను.

ఆ రక్తపరీక్షలో ఏమొచ్చిందో రాయి.

అన్నయ్య


కంచిలి,
ఆగస్టు.

అన్నయ్యకు,

ఇంటికి పంపేశారు. నువ్వు చెప్పినట్టే కిడ్నీ అన్నాను. పక్కింటివాళ్లు బోరు నీళ్లు మానమని డబ్బా నీళ్లు తెచ్చి పెడుతున్నారు. మాధవి వాళ్ల నాన్నతో పాటు డయాలసిస్‌కి వెళ్లే ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చి, భయపడకమ్మా అని ధైర్యం చెప్పి వెళ్లాడు. ఆయన కళ్లలోకి చూడలేకపోయాను.

మాధవి ఆసుపత్రికే వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్లింది. నా కాళ్లకు నూనె రాసింది. దానికి ఏమీ చెప్పలేదు. నీకు కూడా ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇక దాచే ఓపిక లేదు.

రక్తపరీక్ష ఫలితం నేను వార్డులో ఉండగానే వచ్చింది. హెపటైటిస్ బి అట. ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఒంట్లో ఉండి లివరును తినేస్తుందట. ఎక్కడ అంటుకుందో తెలియలేదు. డాక్టరమ్మ అడిగింది, "మీ అమ్మగారు ఎలా పోయారు?" అని. కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి పోయింది, ఎవరో ఏదో పెట్టారన్నారు అని చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. "చాలామందికి ఇది పుట్టేటప్పుడే తల్లి నుంచి వస్తుందమ్మా. మీకు పిల్లలున్నారా? తోబుట్టువులు?"

ఎవరూ లేరన్నాను.

అన్నయ్యా, నా నోటితో అన్నాను ఆ మాట. కడుపున పుట్టింది ఉండగా, తోడబుట్టిన నువ్వుండగా, నాకెవరూ లేరన్నాను. పక్క మంచం కాసులమ్మ విని, డాక్టరమ్మ వెళ్లాక, "మరి మొన్న నీ కాళ్లు ఒత్తింది ఎవులమ్మా? తోటికోడలా దేవతా?" అంది. మర్నాడు నేనే డాక్టరమ్మని పిలిచి నిజం చెప్పాను. ఆవిడ తిట్టలేదు. ముందే తెలిస్తే మాత్రలున్నాయి, నాలా ముదిరే దాకా ఉండక్కర్లేదు, అందుకే అడిగానంది.

మాధవికి పరీక్ష చేయించు. సూర్యకు, పావనికి కూడా. నువ్వూ చేయించుకో. వదినకు ఎలా చెబుతావో నీ ఇష్టం. ఈ ఉత్తరం మాత్రం ఆవిడకు చూపించకు.

నా బిడ్డకు నేను పాలతో పాటు ఏమిచ్చానో తెలుసుకోవాలని లేదు. తెలుసుకోక తప్పదు.

కృష్ణవేణి


ఇచ్ఛాపురం,
సెప్టెంబరు.

శ్రీమతి కృష్ణవేణి గారికి,

మాధవికి బరంపురంలో పరీక్ష చేయించాం. ఉందన్నారు. సూర్యకు లేదు. పావనికి లేదు. పుట్టినప్పుడు ఆసుపత్రిలో టీకా వేశారు కాబట్టి ఆ పిల్ల బతికిపోయింది.

మీరు తెలియదంటున్నారు. తెలియకపోవడం తప్పని నేననడం లేదు. తెలిశాక వారాల తరబడి దాచారు. ఆ వారాలన్నీ నా కొడుకు, నా మనవరాలు ఆ గదిలోనే పడుకున్నారు. ఆడపిల్లను ఇచ్చేటప్పుడు ఇంట్లో ఏముందో చూసుకుని ఇవ్వాలి.

మా ఆవిడ భయపడుతోంది. మాధవి కంచం, గ్లాసు వీధి అరుగు మీద వేరుగా పెట్టింది. ఆమెను నేను తప్పు పట్టలేను. ఇంట్లో చిన్నపిల్ల ఉంది.

మీకు ఒంట్లో బాగోలేదు కనుక మాధవిని మీకు తోడుగా పంపుతున్నాం. పావనికి బడి పోతుంది, ఇక్కడే ఉంటుంది. మిగతా సంగతులు తర్వాత ఆలోచిద్దాం.

నా పరీక్ష గురించి అడిగారు. డెబ్భై దాటి గుండ్రాయిలా ఉన్నాను. నాకు అక్కర్లేదు.

ధర్మారావు


టెక్కలి ఆసుపత్రి,
సెప్టెంబరు.

వియ్యంకులు ధర్మారావు గారికి,

మాధవి చేరింది. నేను ఇంట్లో ఉంటే ఇంటికే వచ్చేది. నేను ఇక్కడ ఉన్నాను. పొద్దున్న పీట మీద కూర్చుని పళ్లు తోముకుంటుంటే నోటి నిండా రక్తం వచ్చింది. మహాలక్ష్మమ్మ తువ్వాలు పట్టింది, అది తడిసిపోయింది. గొంతు కింద నరాలు ఉబ్బి చిట్లాయట. గొట్టం లోపలికి వేసి వాటికి రబ్బరు బ్యాండ్లు బిగించారు. మళ్లీ చిట్లవచ్చట. అప్పుడు ఆగకపోవచ్చట.

మాధవి మంచం దగ్గర నిలబడితే ముందు నేను గుర్తుపట్టలేదు. చేతిలో ఒక్క సంచి.

"ఏటమ్మా, ఇలగొచ్చీసినావు?"

"నిన్ను సూడ్డానికే."

"పావనేదీ?"

అది సంచిని మంచం కిందికి తోసింది. ఈసారీ పక్క మంచంలోనే ఉన్న కాసులమ్మ జరిగి చోటిచ్చింది. అది కూర్చోలేదు. "నాను కూకోవచ్చో కూడదో" అంది. నా కూతురు, అన్నయ్య గారూ, మంచం మీద కూర్చోవడానికి అనుమతి అడిగింది.

సూర్య ఏమన్నాడని అడిగాను. "ఏటీ అన్లేదమ్మా. బస్సు కాడ దిగబెట్టి, ఎండగా ఉన్నాది, కిటికీ పక్కన కూకోకు అన్నారు." అంతే చెప్పింది.

డాక్టరమ్మ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడింది. ఒకే కంచంలో తిన్నా, ఒకే గ్లాసులో తాగినా, పక్కన పడుకున్నా, దగ్గినా ఇది అంటదట. భార్య నుంచి భర్తకు రావచ్చు, దానికి టీకా ఉంది. లేనివాళ్లంతా వేయించుకుంటే సరిపోతుందట. మాధవి లివరు ఇంకా పాడవలేదు. ఈ మాటలు మీ ఇంట్లో ఎవరికైనా పనికొస్తాయేమోనని రాస్తున్నాను.

ఆడపిల్లను ఇచ్చేటప్పుడు ఇంట్లో ఏముందో చూసుకోవాలన్నారు. మా ఇంట్లో ఉన్నదేదో మా పుట్టింటి నుంచి తెచ్చుకున్నదే. మన అమ్మకు నేనొక్కదాన్నే పుట్టలేదు.

కృష్ణవేణి


టెక్కలి ఆసుపత్రి,
అక్టోబరు.

అన్నయ్యా బేగి రా. అమ్మ జీడిపిక్కలు కాల్చింది. చేతికి నూనె రాసుకో లేకపోతే పొక్కుతాది. నాన్న తోటలో ఉన్నాడు నువ్వు లేవని తిడతాడు. బండి ఎన్నింటికి. మాధవి ఏడుస్తోంది పాలు పట్టాలి. కంచం తీసేశారు నేనెక్కడ తినాలి అన్నయ్యా. అమ్మ కళ్లు పచ్చగా ఉన్నాయి నువ్వు చూడు నాకు భయం. బేగి రా

మావయ్యకు,

ఇది అమ్మ రాసింది. కాగితం మీకే పంపమని నా చెయ్యి వదల్లేదు, అందుకని పంపుతున్నాను. లివరు పని చెయ్యకపోతే ఒంట్లో విషం మెదడుకెక్కుతుందట, అప్పుడు ఇలా అవుతుందట. పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. నన్ను పిన్నీ అని పిలుస్తోంది. విరేచనం అయ్యే సిరప్పు పోస్తున్నారు. తేరుకుంటుంది, మళ్లీ జారుతుంది అన్నారు.

పావనికి రెండు జడలు వేయించండి. ఒక జడైతే బడిలో విప్పేస్తుంది. ఫోన్‌లో మాట్లాడితే ఏడుస్తోందని ఆయన ఫోన్ ఇవ్వడం మానేశారు. ఏడిస్తే ఏడవనివ్వండి.

మాధవి


ఇచ్ఛాపురం,
నవంబరు.

చెల్లీ,

నువ్వు తేరుకున్నావని మాధవి సూర్యతో చెప్పిందట. తేరుకుని ఉంటే ఇది నువ్వే చదువు.

కంటి ఆపరేషన్‌కని బరంపురం వెళ్లాం. ఆపరేషన్‌కు ముందు రక్తం తీశారు. కాసేపటికి కిటికీలోంచి ఒక అమ్మాయి పిలిచి ఒరియాలో ఏదో చెప్పింది. నాకు ఒరియా వచ్చు, చెవే లేదు. మళ్లీ చెప్పమన్నాను. మూడోసారి ఆ అమ్మాయి అరిచి చెప్పింది. బెంచీల మీద ఉన్నవాళ్లంతా విన్నారు. సూర్య బండి పెట్టడానికి వెళ్లాడు కాబట్టి వాడొక్కడే వినలేదు.

నాకూ ఉంది.

మరో రోజు పింఛను పని అని చెప్పి ఒక్కణ్నీ వెళ్లి స్కానింగు చేయించుకున్నాను. లివరు గట్టిపడిందన్నారు. నీ అంత కాకపోయినా ఆ దారిలోనే ఉందన్నారు. డెబ్భై ఏళ్లుగా నాలోనే ఉందట. నేను పాయసం తింటున్నప్పుడూ ఉంది. నీకు ఆ ఉత్తరం రాస్తున్నప్పుడూ ఉంది.

అమ్మకు నువ్వొక్కదానివే పుట్టలేదని రాశావు. అది చదివిన రోజే నాకు తెలిసిపోయింది. భయపడే పరీక్షకు వెళ్లలేదు.

ఇంట్లో చెప్పలేదు. షుగరు ఎక్కువగా ఉందని ఆపరేషన్ వాయిదా వేశారన్నాను. మీ వదిన రోజూ నా పక్కన కూర్చుని తింటుంది. నా కంచంలోంచి ఆవకాయ ముక్క తీసుకుంటుంది. నేను తల దించుకుని తింటున్నాను.

నీ కూతుర్ని నేను పంపించేశాను. ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాశాను. మాధవిని ఎలాగైనా వెనక్కి తెచ్చుకుంటాను, కాస్త సమయం ఇవ్వు. కానీ నా సంగతి ఎవరికీ చెప్పకు. ఈ వయసులో నా కంచం అరుగు మీదకి చేర్చకు.

అన్నయ్య


టెక్కలి ఆసుపత్రి,
నవంబరు.

అన్నయ్యా,

ఇది మాధవి చేత రాయిస్తున్నాను. నా కళ్లు అక్షరాల మీద నిలవడం లేదు, నీ ఉత్తరం చదివి వినిపించిందీ అదే. కాబట్టి నీ రహస్యం ఇప్పటికే ముగ్గురిది. అది చదువుతూ మధ్యలో ఒకసారి ఆగింది, మళ్లీ చదివింది.

నాకు సంతోషం కలగలేదు. నువ్వు ఆ ఉత్తరం రాసిన రోజుల్లో ఇలాంటిది జరగాలని ఒకటి రెండుసార్లు అనుకున్నాను. నిజంగా జరిగాక చూస్తే మనిద్దరం ఒకే చాప మీద పడుకున్న పిల్లల్లా ఉన్నాం.

అమ్మ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఆవిడకు ఎవరిచ్చారో ఎవరికి తెలుసు? ఆవిడ మనల్ని కన్నది, అంతే.

నువ్వు సమయం ఇవ్వమన్నావు. నా దగ్గర లేదు. పొట్టలో నీరు తీసిన మూడో రోజుకే మళ్లీ నిండుతోంది. ఈసారి నీటికి చీము కూడా పట్టింది. డాక్టరమ్మ ఇదివరకు మంచం మీద కూర్చుని మాట్లాడేది. ఇప్పుడు కాళ్ల దగ్గర నిలబడి మాధవితో మాట్లాడుతోంది. కాసులమ్మను నిన్న ఇంటికి తీసుకెళ్లిపోయారు. బాగయ్యి కాదు. సముద్రం చప్పుడు వినాలని గోల పెట్టింది. వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ముందా నాను ముందా సూద్దారి" అంది.

వదినకు చెప్పు. నా కోసం కాదు, మాధవి కోసం కూడా కాదు. ఆవిడకు పరీక్ష చేయించాలి, లేకపోతే టీకా వేయించాలి. నువ్వు దాచిన ప్రతి రోజూ ఆవిడకు ప్రమాదం. నేను దాచినందుకు నన్నేమన్నావో నీకు గుర్తుంది. ఆ మాట నీకు తిరిగి చెప్పడం నాకు ఇష్టం లేదు.

పావనిని ఒకసారి చూడాలని ఉంది. నా వేషం చూసి జడుసుకుంటుందేమో. గుమ్మం దగ్గర నిలబెట్టినా చాలు.

కృష్ణవేణి


ఇచ్ఛాపురం,
డిసెంబరు.

చెల్లీ,

చెప్పాను.

వంటింట్లో పీట వేసుకుని కూర్చుని చెప్పాను. పొయ్యి మీద పప్పు మాడుతుంటే మీ వదిన దించలేదు. తర్వాత, "అయితే మాధవి ఏటి సేసినాదని పంపీసినాం?" అంది. నాకు చెవుడు. ఆ మాట మాత్రం ఒక్కసారికే వినపడింది.

సూర్య ఆ రాత్రి అన్నం తినలేదు. నన్ను నాలుగు తిడితే బాగుండేది.

వదినకు పరీక్ష చేశారు. ఎప్పుడో వచ్చి దానంతటదే పోయిన గుర్తులున్నాయట, భయం లేదన్నారు. నలభై ఏళ్ల కిందట పెళ్లయిన కొత్తలో నెల రోజులు కామెర్లతో పడుకుంది. పసరు మందుతో తగ్గిందనుకున్నాం. అదీ నేనిచ్చిందేనేమో.

ఆదివారం అందరం వస్తున్నాం. పావని రెండు జడలు వేసుకుని వస్తుంది. గుమ్మం దగ్గర కాదు, నీ మంచం మీద కూర్చోబెడతాను. మాధవిని తీసుకెళ్తాం.

అప్పటిదాకా ఉండు.

అన్నయ్య


కంచిలి,
డిసెంబరు చివర.

మావయ్యకు, మాధవి నమస్కారాలు.

కర్మకాండలు అయిపోయి మీరంతా వెళ్లిపోయాక ఇల్లు ఊడ్చి కూర్చున్నాను. శ్మశానం దగ్గర మీరు నాతో ఏదో అనబోయారు. నేను జవాబు చెప్పాలంటే అరవాలి. అక్కడ అరవలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

మీ చివరి ఉత్తరం గురువారం అందింది. అమ్మ చెవి దగ్గర పెట్టి రెండుసార్లు చదివాను. పావని వస్తోందమ్మా అని కూడా చెప్పాను. విన్నదో లేదో తెలియదు. కనురెప్పలు కదిలాయి. అవి అంతకుముందూ కదులుతూనే ఉన్నాయి. విన్నదని మీకు చెబితే మీకు బాగుంటుంది, కానీ నాకు తెలియని మాట చెప్పలేను. శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ రక్తం వచ్చింది. ఈసారి ఆగలేదు. నేను, మహాలక్ష్మమ్మ పిన్ని పట్టుకున్నాం. ఆఖర్న నన్ను మాధవీ అని పిలుస్తుందేమోనని చూశాను. ఎవర్నీ పిలవలేదు.

కాసులమ్మ గారికి ఫోన్ చేద్దామనుకున్నాను. వాళ్ల కోడలు ఎత్తింది. ఆమె అంతకు రెండు రోజుల ముందే పోయిందట.

శవం దగ్గర జనం కిడ్నీయేనా అని అడిగారు. మీరు నా వైపు చూశారు. నేను కాదన్నాను. లివరు, హెపటైటిస్ బి, మా అమ్మ ఎప్పుడూ తాగలేదు, నాకూ అదే ఉంది అని చెప్పాను. ఇద్దరు ఆడవాళ్లు వెనక్కి జరిగారు. పిన్ని మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

ఆయన తీసుకెళ్తానన్నారు. అత్తయ్య నా రెండు చేతులూ పట్టుకుంది. రానన్నాను. కోపం వల్ల కాదు మావయ్యా. ఏటీ సేయని దాన్ని ఒకసారి దించేశారు. మళ్లీ ఆ గుమ్మం ఎక్కితే, ఇంకో రోజు దేనికో దించుతారన్న భయం కూడా నాతో పాటు ఎక్కుతుంది. ఆ భయంతో వండి పెట్టలేను. పావనిని నాతో వదిలారు, అది చాలు. ఇక్కడి బడిలో చేరుస్తాను. ఆయన వస్తే వండి పెడతాను. అమ్మ లేని ఈ ఇంట్లో ఎలా ఉంటానో తెలియదు. పొద్దున లేచి అలవాటుగా చప్పిడి పప్పు పొయ్యి మీద పెట్టేశాను. దించేశాక గుర్తొచ్చింది.

ఇంకో మాట. శ్మశానంలో మీరు చెప్పులు విప్పినప్పుడు చూశాను. పాదాల మీద చెప్పు పట్టీ పడిన చోట లోతుగా గుంటలున్నాయి. మీరు పంచె కిందికి లాక్కున్నారు. అత్తయ్య చూడలేదు, నేను చూశాను.

నా పరీక్షలు మంగళవారం టెక్కలిలో ఉన్నాయి. ఆ డాక్టరమ్మే చూస్తుంది. మీ పేరు కూడా చెప్పి వచ్చాను. అమ్మకు చేసినవన్నీ మీకూ మొదలవుతాయి. ఎంతవరకు ఆపగలరో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. పొద్దున బండికి రండి, స్టేషన్లో ఉంటాను. ఆవిడ చెప్పేది మీకు వినపడదు. నేను పక్కన కూర్చుని రాసి చూపిస్తాను.

మాధవి